నడిమి చెరువుకు పైన, కింద

ధర్మవరం,
8 జూన్ 1958

కమలాక్షికి,

వదినా అని మొదలుపెట్టాలనే కలం పట్టుకున్నాను. అట్లా రాయకూడదట. అక్కా అని రాయాలో ఏమో అదీ తెలియదు. అందుకే ఉత్త పేరు రాశాను, ఏమీ అనుకోకు.

మొన్న మీ నాయన హిందూపురం నుంచి పట్టు తెచ్చి, మా ఇంట్లోనే భోజనం చేశారు. మా అన్న జయరాముడికి నిన్ను ఇచ్చే మాట ముప్పాతిక అయిపోయినట్టే. చేతులు కడుక్కుని కూర్చున్నాక మా అవ్వ కుళ్ళాయమ్మ వక్కాకు నములుతూ ఊరికే అడిగింది.

"మీ సొంతూరు యాదప్పా?"

"పెనుకొండ దగ్గర గుట్టకిందపల్లె."

"ఆడ మీకు గంగ యాది?"

"ఎర్రవంక. నడిమి చెరువులోకి పోతాది."

అవ్వ నమలడం ఆపేసింది. మా సొంతూరు ఇసకపల్లె ఆ చెరువుకు దిగువనే. నిండిన చెరువు పొర్లిపోవడానికి కట్టిన రాతిగట్టు, మరవ, ఉంది కదా. మా చిన్నేరు ఆ మరవ దగ్గరే మొదలవుతుంది. నీళ్ళు వచ్చిన ఏడు మావాళ్ళు చిన్నేటికి బాగిన ఇస్తారు. చేటల్లో పసుపు, కుంకుమ, గాజులు, రవికగుడ్డ పెట్టి నీళ్ళలో వదులుతారు. మీవాళ్ళు ఎర్రవంకకు ఇస్తారు. ఒకే గంగకు బాగిన ఇచ్చే ఇళ్ళవాళ్ళు ఒక తల్లి బిడ్డలతో సమానమని, వాళ్ళలో వాళ్ళకు పెళ్ళి కూడదని అవ్వ పట్టు. ఆ రెండూ ఒకే ఏరైతే నువ్వు మా అన్నకు చెల్లెలు వరస.

మీ నాయన ఊరుకోలేదు. "ఎర్రవంక చెరువులో పడి ఆడికి సరి. మీ చిన్నేరు వేరే."

"వేరేదని ఎవురు చెప్పాల? నువ్వా? నీకు పెండ్లి కావాల."

"మా పాప చెప్తాది. కాన్వెంటులో చదివింది, మ్యాపులు చూస్తాది."

అవ్వ దానికి ఒప్పుకుంది. "సరే, ఆ పాపనే రాయమను. ఒకటా, రెండా. అది అబద్ధం చెప్పేది కాదని మా రత్న అంటాంటాది."

హాస్టల్లో నీ గురించి గొప్పలు చెప్పుకుని చెడగొట్టింది నేనే. కమలా, రెండు అని రాసేయి. ఒక కార్డు చాలు. అన్న ఆ సాయంత్రం మగ్గం మీద కూర్చుని అంచులో తప్పు పోగు వేశాడు. ఎన్నడూ వేయడు.

నీ
నాగరత్న


హిందూపురం,
21 జూన్ 1958

రత్నా,

నాయన వచ్చి చెప్పాడు. నీ ఉత్తరం చూశాక కొంచెం అర్థమైంది, మిగిలింది అర్థం కాలేదు.

కాన్వెంటు లైబ్రరీలో నేను పుస్తకాలు సర్దే గదిలోనే పెద్ద మ్యాపు ఉంది. మదర్‌ను అడిగి బల్ల మీద పరిచాను. పెనుకొండ ఉంది. ధర్మవరం ఉంది. రైలు దారి నల్లగా, స్పష్టంగా ఉంది. ఎర్రవంక పేరు లేదు, చిన్నేరు పేరూ లేదు. గుట్టల నుంచి ఒక నీలం గీత బయలుదేరుతుంది. గీత కూడా పూర్తిగా లేదు, చుక్కలు చుక్కలుగా ఉంది. ఎండిపోయే ఏర్లకు అలా వేస్తారట. కింద మరో చుక్కల గీత చిత్రావతి వైపు పోతుంది. రెండూ కలవాల్సిన చోట మ్యాపు మడత ఉంది. మడిచి మడిచి కాగితం అక్కడ చిరిగిపోయింది. నడిమి చెరువు ఉండాల్సిన చోట వేలు పెడితే బల్ల తగులుతుంది.

భూగోళం పుస్తకంలో నది పర్వతాల్లో పుడుతుంది, సముద్రంలో కలుస్తుంది. మధ్యలో చెరువులో పడిన నదిని ఏమనాలో రాయలేదు.

అందుకని చూడకుండా రాయలేను. ఆగస్టులో నాయనతో ఊరికి పోయి ఎర్రవంక మొదలు చూస్తాను. నువ్వు చివర చూసి రాయి. చిన్నేరు చిత్రావతిలో కలిసే చోటు.

నాకు ఇష్టమా కాదా అని నువ్వు అడగలేదు. అడగనందుకు సంతోషం.

ఆ తప్పు పోగు విప్పి సరిచేశారా?

కమలాక్షి


ధర్మవరం,
19 జూలై 1958

కమలకు,

నువ్వు చెప్పావని పోయాను. అన్న సైకిలు వెనక కూర్చుని, గోతుల్లో నడుము విరగ్గొట్టుకుని పోయాను. చివర చూడమన్నావు. ఏమి చూడాలో చెప్పలేదు.

చిన్నేటిలో ఇసుక. చిత్రావతిలో ఇసుక. ఈ ఇసుక పోయి ఆ ఇసుకలో కలిసింది. ఎక్కడ కలిసిందంటే చెప్పలేను. ఒక చోట తుమ్మచెట్టు ఉంది. అన్న అది ఏటి చివర అంటాడు. నేను ఇంకా ముందే అన్నాను. ఎండలో నిలబడి కాసేపు పోట్లాడుకున్నాం.

ఒక ఆమె ఇసుకలో చెలమ తవ్వుకుని, కొబ్బరిచిప్పతో నీళ్ళు తోడి బిందెలో పోసుకుంటూ ఉంది. పేరు యల్లక్క. నేనే అడిగాను.

"అక్కా, ఇవి చిన్నేటి నీళ్ళా, చిత్రావతి నీళ్ళా?"

"బిందెలో పడినాక నావి."

"అది కాదక్కా. పడక ముందు?"

"పడక ముందు నేనేమన్నా లోపలికి పోయి చూసినానా? నీళ్ళు కావాలంటే తాగు, లేదంటే నా వెలుతురుకు అడ్డం నిలబడాకు."

తాగాం. బాగున్నాయి.

వచ్చేటప్పుడు అన్నతో "ఎందుకు ఇంత తిప్పలు? రెండని రాస్తే అయిపోతాది కదా" అన్నాను. "ఆమె రాయదు" అన్నాడు. నిన్ను చూసింది ఒక్కసారి, మన స్కూలు గేటు దగ్గర, నా ట్రంకుపెట్టె మోసుకుపోవడానికి వచ్చినప్పుడు. రాయదని ఆయనకు ఎట్లా తెలుసు? నేను అడిగితే సైకిలు గంట కొట్టాడు. దారిలో ఎవరూ లేరు.

అవ్వ రోజూ అడుగుతుంది, "జాబు వచ్చిందామ్మే?" అని. పెళ్ళి కావాలని ఉందో వద్దని ఉందో ఆమె ముఖం చూసి చెప్పలేను. తప్పు పోగు విప్పలేదు. ఆ చీర అట్లాగే అమ్ముడైంది.

నాగరత్న


పెనుకొండ,
17 ఆగస్టు 1958

రత్నా,

పోస్టాఫీసు అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. నాయన బస్సు కనుక్కోవడానికి వెళ్ళాడు.

ఎర్రవంక మొదలు చూశాను. రెండు చూశాను. గుట్టలో రెండు బండల సందు నుంచి నీళ్ళు బొట్టు బొట్టుగా కారుతున్నాయి. కింద గిన్నెంత గుంత. ఊరి పెద్ద నరసప్ప ఇదే మొదలు అన్నాడు. ఆయనతో వచ్చిన ఓబులేసు ఒప్పుకోలేదు. అక్కడి నుంచి దిగువకు నడిపించి ఇసుకలో తవ్విన ఊటకాలువ చూపించాడు. ఏటా వేసవిలో ఊరంతా కలిసి పూడిక తీస్తారట. అందులో మోకాటి లోతు నీళ్ళు, చల్లగా.

"ఏరు ఈడ పుట్టింది. ఆ బండది ఉత్త చెమట" అన్నాడు ఓబులేసు.

"బండ చెమట పట్టకపోతే నీ కాలువకు నీళ్ళు యాడనుంచి వస్తాయిరా?" అన్నాడు నరసప్ప.

"నీ గుంతలో కాకి మునగదు."

వాళ్ళు ఇంకా అక్కడే ఉండి ఉంటారు. బండకూ కాలువకూ మధ్య నడిచాను. నీళ్ళు లేవు, తడి కూడా లేదు.

అక్కడి నుంచి నాయనా నేనూ ఏటిలోనే నడిచి నడిమి చెరువుకు పోయాం. మధ్యలో రెండు చోట్ల తుంగ మొలిచి ఉంది, మిగతా అంతా ఇసుక. చెరువులో అడుగున మాత్రం నీళ్ళు. బర్రెలు పడుకుని ఉన్నాయి. నీరుగంటి మారెప్ప తూము దగ్గర ఉన్నాడు. చెరువు నీళ్ళు పొలాలకు వదిలేది ఆయనే కాబట్టి తెలిసి ఉంటుందని నాయన అడిగాడు. ఆయన చెప్పింది అలాగే రాస్తాను.

"నిండితే ఒకటి. ఎండితే రెండు. నడాన ఉంటే నన్నడగొద్దు."

"మరవ ఎప్పుడు పారింది మారెప్పా?"

"ఈ పాప పుట్టక ముందు. అప్పుడు ఒకటే ఉండె. మల్ల రెండాయ."

నాయన నా ముఖం చూశాడు. నేను బర్రెలను చూశాను.

రత్నా, వెళ్ళక ముందు నాకు ఒక సందేహం. ఇప్పుడు నాలుగైదు. మధ్యలో ఎండిందని చెరువు దగ్గర ఏటిని రెండు చేస్తే, బండ దగ్గరా కాలువ దగ్గరా తుంగ దగ్గరా కూడా చేయాలి. కళ్ళద్దాలు తుడిచి తుడిచి చూశాను. చూసేకొద్దీ ఏరు తగ్గిపోతోంది.

బస్సు వచ్చింది.

కమలాక్షి


ధర్మవరం,
14 సెప్టెంబరు 1958

వదినా,

రాశాను చూడు. అవ్వే రాయమంది.

ముందు నీ సంగతి. గుట్ట దగ్గర మా అన్న కనిపించాడని రాయలేదేం? నాకు నిన్ననే తెలిసింది. ఆయన ఆ రోజు బస్సెక్కి పోయి మీ బండ గుంతలోంచి ఒక కుండ నీళ్ళు పట్టుకొచ్చాడు. దారిలో ఇసకపల్లెలో దిగి చిన్నేటి చెలమలోంచి ఇంకో కుండ. రెండూ తెచ్చి పెరట్లో గుడ్డ కప్పి పెట్టాడు. ఎందుకంటే చెప్పడు. పండగ గిరాకీ అయిందాకా ముట్టుకోలేదు కూడా.

నిన్న అవ్వను పిలిచాడు. "అవ్వా, ఆమె జాబు ఎప్పుడొస్తాదో ఏమో. నీకు తెలిసిన పనితో చూద్దాం. ఒకే పట్టు, ఒకే రంగు పొడి. కుండలు వేరే. ఒకే గంగ అయితే ఒకే రంగు రావాల కదా" అన్నాడు.

మా తాత పోయినాక అవ్వే రంగుబానలు చూసుకునేది, నీకు చెప్పాను కదా. ఇసకపల్లె విడిచి ధర్మవరం వచ్చినప్పుడు నీళ్ళు మారి ఎరుపు కుదరక ఏడాదంతా ఏడ్చిందట. నీళ్ళ గురించి ఆమె ఇంకెవరి మాటా నమ్మదు. ఎరుపు అంటే నమ్ముతుంది.

రెండు పొయ్యిలు పెట్టారు. పట్టు పోగుల చుట్ట, లడి, ఒకటి ఈ కుండ నీళ్ళలో, ఒకటి ఆ కుండ నీళ్ళలో. కట్టెలు నేనే ఎగదోశాను, పొగకు కళ్ళు పోయాయి. ఆరబెట్టినాక అవ్వ రెండు లడులూ ఎండలో పట్టుకుని చూసింది. మీ గుట్ట నీళ్ళది పండు మిరపకాయ. మా చిన్నేటి నీళ్ళది ఇటుక. గుడ్డివాళ్ళకు కూడా తెలుస్తుంది.

"వేరే నీళ్ళు. రెండు ఏర్లు. రాయి మీ వదినకు" అంది అవ్వ.

అంతే. ఇంక నువ్వు మ్యాపు మడిచేయి.

ఒక్క సంగతి మాత్రం నాకు అర్థం కాలేదు. రాత్రి చారుకు చింతపండు తీయబోతే డబ్బా మూత పక్కన పడి ఉంది. నేను తీయలేదు. అవ్వ వంటింట్లోకి రాదు. సరేలే.

నీ ఆడబిడ్డ
నాగరత్న


హిందూపురం,
15 సెప్టెంబరు 1958

రత్నా,

నెల రోజులు ఆలోచించాను. ఇంక ఆలస్యం చేయడం న్యాయం కాదు.

మధ్యలో నీళ్ళు లేవని ఏటిని ముక్కలు చేస్తే గుట్టకిందపల్లెలోనే నాలుగు ఏర్లు ఉన్నట్టు. అప్పుడు మా ఊళ్ళో బాగిన ఇచ్చే ఇళ్ళు కూడా ఒకరికొకరు ఏమీ కారు. అలా మావాళ్ళు ఎవరూ అనరు. చెరువు గట్టు మనుషులు కట్టింది. గట్టు వేయక ముందు ఎర్రవంక నేరుగా ఇసకపల్లె మీదుగా పోయేది. మదర్ దగ్గర ఇంకో పాత మ్యాపు దొరికింది. అందులో మడత వేరే చోట ఉంది. గీత ఆగకుండా చెరువు దాటి పోయింది.

ఏరు ఒకటే.

అవ్వకు చదివి వినిపించు. నన్ను నమ్మి అడిగారు కాబట్టి నేను రాసినట్టే చదువు.

ఆ రోజు గుట్ట దగ్గరికి మీ అన్న వచ్చారు. చేతిలో కుండ ఉంది. "ఈ నీళ్ళు తాగొచ్చునా?" అని అడిగారు. "నాకు తెలియదు" అన్నాను. ఆయన తాగారు. నాయన, పెద్దలు కాలువ దగ్గర వాదించుకుంటున్నారు. అంతకన్నా ఏమీ లేదు. నీకు రాసిన జాబులో అది రాయలేదు. మరిచిపోయి కాదు.

ఇక దీని గురించి రాయకు. మామూలు సంగతులు రాయి.

కమలాక్షి


ధర్మవరం,
2 అక్టోబరు 1958

కమలా,

మన జాబులు రైల్లో ఎక్కడో ఎదురుపడి ఉంటాయి, పెనుకొండ స్టేషన్లో అనుకుంటాను.

నీది చదివి మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చుండిపోయాను. చించేద్దామనుకున్నాను. నాకు రాదనుకున్నావా చించడం? చేతకాలేదు. నేను రాసినట్టే చదువు అన్నావు. హాస్టల్లో కూడా ఇట్లాగే చెప్పి నా చేత తప్పులు ఒప్పించేదానివి.

రెండు రోజులు దాచి, అవ్వకు చదివాను. అన్న మగ్గం ఆపలేదు కానీ పోగు పట్టుకుని అటూ ఇటూ పరుగెత్తే నాడె చప్పుడు మెల్లగా అయింది.

"ఇంగోసారి చదువు" అంది అవ్వ.

చదివాను.

"ఒకటేనంట."

"ఒకటేనంట అవ్వా. అయినా లడులు రెండు రంగులు వచ్చినాయి కదా. నువ్వే చూస్తివి."

"చింతపండు పిండితే రాకేమి?"

నాడె ఆగిపోయింది. అవ్వ అన్న వైపు తిరగలేదు. నాతోనే చెప్పింది. "రంగుబానల తావ ముసలిదాన్నయినా. పొయ్యి మీద ఉడికేది నీళ్ళో పులుసో నాకు తెలీదనుకున్నాడు, పిచ్చోడు."

"తెలిసీ రెండని ఎందుకు చెప్తివి?"

"వాడు అంత దూరం కుండ మోసుకోని పోయొచ్చె. పుట్టినప్పట్నుంచి నాతో ఒక అబద్ధం చెప్పలేదు. చెప్పినాడంటే ఎంత కావల్నో." కాసేపు వక్క కొరికింది. "ఈ పాప చూడబోతే తనకు కావల్సినదాన్ని తానే తోసేసుకుంటాది. ఇంట్లో ఒక్కరన్నా అట్లాంటోళ్ళు ఉండాల. లేకుంటే వీని పులుసు ఎవరు పట్టుకుంటారు, నేను పోయినాక?"

"అయితే వదినేనా అవ్వా?"

"కార్తీకంలో ముహూర్తం పెట్టించు. చెరువు మాత్రం అప్పటికి నిండకూడదు. మరవ పారక ముందే తాళి పడాల. పారినాదంటే ఒకటేనని నా కండ్లకే అగపడతాది. అప్పుడు నేను మాట తిప్పలేను. తాళి పడినాక పారితే పారనీ, కట్టింది విప్పేదానికి నేనెవరు."

నాకు తల తిరుగుతోంది. నిజం చెప్పినందుకు నువ్వు పనికొచ్చావు, అబద్ధం చెప్పినందుకు అన్న పనికొచ్చాడు, రెండూ తెలిసిన అవ్వ ఏమీ తెలియనట్టు ఉంది. అన్న మాత్రం చెవుల దాకా ఎర్రగా అయ్యాడు. పండు మిరపకాయ రంగే.

నీ నాగరత్న


హిందూపురం,
12 నవంబరు 1958

రత్నా,

ముహూర్తం ఇరవై మూడు అని నాయన చెప్పాడు. మీకూ కబురు అందే ఉంటుంది.

పొద్దున్నుంచి వాన. నిన్న కూడా. కాన్వెంటులో రోజూ పిల్లల చేత వాన కోసం ప్రార్థన చేయిస్తున్నారు. చిన్న తరగతిని నాకు అప్పగించారు. వాళ్ళు కళ్ళు గట్టిగా మూసుకుని అడుగుతారు. నేను వాళ్ళ ముందు నిలబడి పెదవులు కదిలిస్తాను. మూడేళ్ళుగా పంట సరిగా లేని ఊళ్ళు. ఇరవై మూడు దాకా వద్దు అని ఎవరితోనైనా ఎలా చెప్పను? దేవుడితోనూ చెప్పలేదు. అనుకున్నాను అంతే.

మారెప్ప కబురు పంపాడు. చెరువు నిండుతూ మరవకు రెండు రాళ్ళ కింద దాకా వచ్చిందట. నాయన ఆ మాట విని నవ్వాడు. తర్వాత గొడుగు తీసి, ఎందుకు తీశాడో మరిచిపోయి, మళ్ళీ తగిలించాడు.

అవ్వ అన్న మాటలన్నీ చాలాసార్లు చదివాను. చింతపండు సంగతి నాకు ముందే తెలిసి ఉంటే ఏమి చేసేదాన్నో తెలియదు. అవ్వ తెలిసి ఒప్పుకున్నారు కాబట్టి అది అబద్ధం కాదేమో. లేక ఇప్పుడు ముగ్గురి అబద్ధమో. ఆ రెండు లడులు ఏమి చేశారు?

కమలాక్షి


గుట్టకిందపల్లె,
26 నవంబరు 1958

రత్నా,

నిన్ను విడిచి వచ్చి ఒక్క రోజే అయింది. అయినా ఇది నువ్వు తెలుసుకోవాలి. నాయన ఎదురుగానే ఉన్నా పెళ్ళికూతురు ఎవరికో జాబు రాస్తోందని అందరూ నవ్వుతున్నారు.

మీ ఇంట్లో తాళి కట్టేటప్పుడు వాన జోరుకు బాజా వినబడలేదు కదా. పెళ్ళి పంతులును అవ్వ రెండుసార్లు తొందరపెట్టారు. చెరువు కబురు ఎవరు తెచ్చినా వాకిట్లోనే ఆపి అన్నం పెట్టించమని చెప్పారని తర్వాత తెలిసింది.

నిన్న మీ అన్న, నాయన, నేను ఇక్కడికి బస్సులో వస్తుంటే నడిమి చెరువు దగ్గర ఆగిపోయింది. మరవ పారుతోంది. రోడ్డు మీద మోకాటి లోతు నీళ్ళు, ఎర్రగా. డ్రైవరు తగ్గితే పోదామన్నాడు. అందరం దిగి గట్టెక్కాం.

మరవకు పైపక్క మా ఊరి ఆడవాళ్ళు చేటలు పట్టుకుని నిలబడి ఉన్నారు. కిందిపక్క మీ ఇసకపల్లె వాళ్ళు. ఎవరి బాగిన వాళ్ళు వదులుతున్నారు. మధ్యలో మారెప్ప తలకు గోనె కప్పుకుని, ఎవరూ అడగకుండానే, "ఒకటాయ, ఒకటాయ" అంటున్నాడు. పైపక్క ఎవరో వదిలిన చేట ఒకటి తిరుగుతూ తిరుగుతూ వచ్చి, మరవ అంచున కాసేపు ఆగింది. తర్వాత జారి, కిందివాళ్ళ చేటల మధ్యకు పోయి, వాటితో కలిసి చిన్నేటిలో వెళ్ళిపోయింది. దానిలోని పసుపు రవికగుడ్డ చాలా దూరం కనిపించింది. తుమ్మచెట్టు దాకా పోయి ఉంటుంది.

నేను కట్టుకున్న చీర సంగతి నువ్వు నాకు చెప్పనే లేదు. పడుగుకు ఆ రెండు లడుల్లో ఒకటి, పేకకు ఇంకొకటి వేసి నేశారట కదా. బస్సులో మీ అన్న చెప్పారు. అందరూ ఏ ఎరుపు అని అడుగుతున్నారు. ఒక్కోసారి ఒక్కోలా ఉంది.

మీ అన్న నా పక్కనే నిలబడి నీళ్ళకేసి చూస్తున్నారు. చెవులు నువ్వు రాసినట్టే ఉన్నాయి. నాయన అటు చూశాడు, ఇటు చూశాడు. నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు.

"ఏమ్మా, నువ్వే చెప్తివి. చూస్తివా?"

"కళ్ళద్దాల మీద వాన నాయనా. ఏమీ కనబడలేదు."

మీ అన్న జేబులోంచి రుమాలు తీసి ఇచ్చారు. తీసుకుని చేతిలోనే పెట్టుకున్నాను. బస్సు కదిలే దాకా అద్దాలు తుడుచుకోలేదు.

అవ్వ అడిగితే నేను నాయనతో చెప్పిన మాట ఒక్కటే చదువు. ఆ పైన ఉన్న చేట సంగతి నీకే.

కమలాక్షి